బుద్ధిమంతురాలు

గువ్వని ఇంటికి తెచ్చుకున్న మొదటి వారమంతా అద్దాలావిడ కనపడిన వాళ్ళందరికీ గొప్పలు చెప్పుకుంది.

"ఇలాంటి పిల్ల కోటికొకత్తె ఉంటుందండీ. పెట్టింది తింటుంది. పడుకోబెడితే పడుకుంటుంది. కూర్చోబెట్టి వెళ్తే మనం తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఏడుపంటే ఏమిటో తెలీదు."

ఆవిడది కళ్ళద్దాల షాపు. కళ్ళు పరీక్ష చేసేదీ ఆవిడే, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదీ ఆవిడే. భర్త లిఫ్టుల మెకానిక్. ఏ భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయినా ఆయనకే ఫోనొచ్చేది. షాపు కింద, ఇల్లు పైన. పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటినా పిల్లలు కలగలేదు. ఆ బెంగ కూడా ఎప్పుడో పాతబడిపోయింది.

గువ్వ ఆవిడ చెల్లెలి కూతురు. రెండేళ్ళ ఎనిమిది నెలలది. ఎలా వచ్చిందంటే, ఒకరోజు పొద్దున్నే చెల్లెలి పైవాటాలో ఉండే ఆవిడ ఫోన్ చేసింది.

"మీ చెల్లెలు నిన్నటి నుంచి తలుపు తియ్యట్లేదండీ. లోపల ఫోన్ మోగుతూనే ఉంది."

మొగుడూ పెళ్ళాం ఉన్న పళంగా పరుగెత్తారు. మెకానిక్ తన సంచిలోంచి పనిముట్లు తీసి తాళం ఊడదీశాడు. ముందు గదిలో, కంప్యూటర్ బల్ల పక్కన చెల్లెలు నేల మీద పడి ఉంది. ఇంట్లోనే కూర్చుని ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం ఆమెది, తలకి హెడ్‌ఫోన్ అలాగే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఏమైందే?" అంటే పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

లోపలి గది తలుపు వేసి ఉంది. తీసి చూస్తే, చుట్టూ కడ్డీలున్న మంచంలో గువ్వ కూర్చుని ఉంది. డైపర్ బరువెక్కి కిందికి జారిపోయింది. పాలసీసా అడుగున పాలు విరిగి అంటుకుపోయాయి. ఆ పిల్ల ఒక మనిషి మొహం చూసి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి. అయినా తలుపు చప్పుడుకి తల తిప్పలేదు, చేతులు చాచలేదు. అద్దాలావిడ ఎత్తుకుంటే ఎత్తుకోనిచ్చింది. అంతే.

"పాపం, ఎంత ఓర్పమ్మా నీకు!" అంది అద్దాలావిడ దాన్ని గుండెకి హత్తుకుని. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి సిగ్గేసేది.

చెల్లెల్ని ఆసుపత్రిలో చేర్చారు. ఒంటికొచ్చిన జబ్బు కాదనీ, కాన్పైనప్పటి నుంచీ మనసు కుంగిపోయి ఉందనీ, తిండీ నిద్రా మానేసి ఆఖరికి ఇలా కూలబడిందనీ అక్కడి డాక్టర్లు చెప్పారు. ఎన్నాళ్ళు పడుతుందో తెలీదన్నారు. గువ్వ తండ్రి, పిల్ల ఇంకా కడుపులో ఉండగానే వేరే సంసారం చూసుకున్న మనిషి. ఇక ఆ పిల్లకి పెద్దమ్మా పెదనాన్నే దిక్కు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం షాపు వెనకగది తలుపు గాలికి కొట్టుకుంది. గువ్వ వేలు తలుపు సందులో పడింది. అద్దాలావిడ పరుగెత్తుకొచ్చింది. తలుపు లాగి చూస్తే వేలు నల్లగా కమిలిపోయి, గోరు పక్కనుంచి రక్తం కారుతోంది. గువ్వ ఆ వేలికేసి చూసుకుంది. తర్వాత చేతిని వీపు వెనక్కి పెట్టుకుంది. కంట్లో చుక్క నీరు లేదు.

ఆ సాయంత్రం మెకానిక్ ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమోయ్, నా చేతి మీద సుత్తి పడితే వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాను నేను. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి. ఇది చూస్తే కిక్కురుమనలేదంటావు. ఇది ఓర్పంటావా?"

"మరేమంటారు?"

"ఏమో. నాకు బాలేదు."

ఆవిడకీ బాలేదు. కాని ఏం బాలేదో చెప్పమంటే చెప్పలేకపోయేది. ఏడిచే పిల్లని ఊరుకోబెట్టడం ఎలాగో అందరికీ తెలుసు. ఏడవని పిల్లని ఏం చెయ్యాలి?

మూడోవారం ఇంకో వింత జరిగింది. ఒక ముసలాయన చదువుకునే అద్దాలు తీసుకుని బయటికెళ్తుంటే గువ్వ కుర్చీ దిగి, ఆయన చిటికెనవేలు పట్టుకుని వెంట నడిచింది. ఆయన ఎవరో, ఎక్కడుంటాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయన నవ్వుతూ, "నాతో వచ్చేస్తావా తల్లీ?" అంటే తలూపింది. వెనక్కి తిరిగి చూడలేదు. అద్దాలావిడ పరుగెత్తి వెళ్ళి వెనక్కి తీసుకొచ్చింది. రావడానికీ పేచీ పెట్టలేదు. ఎవరి వేలు దొరికితే వాళ్ళతో. మూడువారాలుగా ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తున్న పెద్దమ్మా, అప్పుడే చూసిన ముసలాయనా దానికి ఒకటే.

'నన్ను గుర్తుపట్టట్లేదా? ఒకవేళ సరిగ్గా కనపడట్లేదేమో!' అనుకుంది అద్దాలావిడ. ఆ ఆలోచన రాగానే ఒక విధంగా హాయనిపించింది. కళ్ళ సంగతైతే తనకి చేతనవును. వెంటనే చీకటిగదిలోకి తీసుకెళ్ళి కంట్లో లైటు వేసి చూసింది. బొమ్మలు దగ్గరగానూ దూరంగానూ పెట్టి చూసింది. ఒక్కో కన్నూ మూసి చూసింది. రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. గోడ మీద పాకే చీమని కూడా చూస్తోంది. కాని పరీక్ష చేస్తున్న మనిషి మొహంలోకి మాత్రం చూడట్లేదు. లైటుని చూస్తుంది, చేతిని చూస్తుంది, మొహం దగ్గరికొచ్చేసరికి చూపు జారిపోతుంది.

చెవులు చూపిస్తే చెవులూ బాగానే ఉన్నాయన్నారు.

"కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి. మరి ఎక్కడ పోయింది?" అని అడిగాడు మెకానిక్. "లిఫ్టైతే మోటారు బాగుండి, తాడు బాగుండి, తలుపు బాగుండి కూడా కదలకపోతే వైరింగు చూస్తాం."

ఆయన యథాలాపంగా అన్నాడు గాని, పిల్లల డాక్టరుగారు మర్నాడు సరిగ్గా అదే చెప్పింది.

ఆవిడ తెల్లజుట్టు మనిషి. గువ్వని నేల మీద కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చుంది. తల చుట్టుకొలత టేపు పెట్టి చూసింది. వయసుకి ఉండాల్సినదాని కన్నా కాస్త తక్కువే ఉందని రాసుకుంది. తల వెనకభాగం బల్లపరుపుగా ఉంటే అక్కడ చెయ్యి వేసి, "ఎక్కువ వెల్లకిలా పడుకోబెట్టి ఉంచేవాళ్ళా?" అని అడిగింది. ఒక గంట గడిచాక అద్దాలావిడతో మాట్లాడింది.

"పసిబిడ్డ ఊ అంటుంది. తల్లి 'ఊ' అని తిరిగి పలుకుతుంది. బిడ్డ ఏడుస్తుంది. తల్లి వస్తుంది. రోజుకి కొన్ని వందలసార్లు జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోడంతోనే మెదడులో దారులు పడతాయమ్మా. నడిచిన దారి గట్టిపడుతుంది. ఎవరూ నడవని దారిని మెదడు మూసేస్తుంది. ఈ పిల్ల ఏడిచింది. ఎవరూ రాలేదు. మళ్ళీ ఏడిచింది. ఎవరూ రాలేదు. ఏడ్చి లాభం లేదని నేర్చుకుంది. ఎవరి మొహం చూసినా ఒరిగేదేమీ లేదనీ నేర్చుకుంది. నొప్పి ఉంది. ఆ నొప్పి ఎవరికో చెప్పుకోవచ్చనే సంగతి తెలీదు."

అద్దాలావిడకి షాపుకొచ్చే పిల్లలు గుర్తొచ్చారు.

"మా దగ్గరికి కొంతమంది పిల్లలొస్తారు డాక్టరుగారూ. ఒక కంటికి పవరు ఎక్కువుంటుంది, ఎవరూ కనిపెట్టరు. మసగ్గా కనపడుతోంది కదాని మెదడు ఆ కంటిని వాడడం మానేస్తుంది. తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా ఆ కన్ను చూడదు. కన్ను బాగానే ఉంటుంది. చూడ్డం నేర్చుకోనిది మెదడు."

"మీకు నేను కొత్తగా చెప్పేదేముంది మరి!"

"అప్పుడు బాగున్న కంటికి గుడ్డ కట్టి రెండో కంటి చేత బలవంతాన చూపిస్తాం. కాని ఏడేళ్ళ లోపు తీసుకురావాలని చెప్తాం తల్లిదండ్రులకి. దాటితే కష్టం." ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "దీనికి ఎన్నేళ్ళ లోపు?"

డాక్టరు కొలత టేపు చుట్టి పక్కన పెట్టింది.

"ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఇంతకన్నా అంకె చెప్పలేను. కొన్ని తిరిగొస్తాయి. కొన్ని ఆలస్యంగా వస్తాయి. కొన్ని రాకపోవచ్చు. ఏవి ఎందులో పడతాయో ముందు చెప్పడం ఎవరి వల్లా కాదు."

జీవితమంతా మనుషుల బాధని అంకెలో చెప్పడం అలవాటైన మనిషి ఆవిడ. మైనస్ ఒకటిన్నర, ప్లస్ రెండు. చీటీ రాసిచ్చేస్తే సగం భారం దిగిపోతుంది. ఇక్కడ చీటీ లేదు. ఏం చెయ్యాలంటే, పిల్ల ఏ చిన్న చప్పుడు చేసినా తిరిగి పలకండి, మొహం చూపించండి, రోజూ అవే చేతులు ఎత్తుకోవాలి, పదిమంది చేతుల్లో పెట్టకండి అంది. ఇంత జబ్బుకి ఇదా మందు? ఆవిడకి నమ్మాలో నవ్వాలో తెలియలేదు.

అక్కడి నుంచి నేరుగా చెల్లెలున్న ఆసుపత్రికి వెళ్ళింది. దారిపొడుగునా అనాల్సిన మాటలన్నీ మనసులో కూర్చుకుంది. చెల్లెలు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అప్పటికి మాట కాస్త తిరిగింది.

"ఏడుస్తోందా అక్కా?" అని అడిగింది ముందుగా.

"లేదు."

"నాకు తెలుసు. మంచిపిల్ల."

అద్దాలావిడకి ఒళ్ళు మండిపోయింది. "దాన్ని ఎప్పుడైనా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావా? దాంతో ఒక్క మాటైనా మాట్లాడావా?"

చెల్లెలు తెల్లబోయి చూసింది. "మూడు గంటలకోసారి పాలు పట్టానక్కా. నోటుబుక్కులో రాశాను కూడా, బల్ల సొరుగులో ఉంది, చూసుకో. డైపర్లు మార్చాను. టీకాలన్నీ వేయించాను. ఒక్క దెబ్బ వెయ్యలేదు. నేను దాన్నేం చెయ్యలేదక్కా."

"అదే నేననేది. ఏమీ చెయ్యలేదు."

చెల్లెలు, ఎవరి సంగతో చెప్తున్నట్టు మెల్లగా అంది.

"మొదట్లో ఏడిచేది. వినపడేది. లేచి వెళ్ళాలని తెలుసు. కాళ్ళు లేచేవి కాదు. ఫోన్లో వెనక చప్పుడు వినపడితే ఉద్యోగం పోతుందని తలుపు వేసేదాన్ని. ఫోన్లో వాళ్ళతో మాత్రం నవ్వుతూ, 'మీకు ఏ విధంగా సాయపడగలను' అనేదాన్ని. ఆ డ్యూటీ అయ్యేసరికి నాలో ఒక్క మాట మిగిలేది కాదు. ఏడో నెలలో కాబోలు, అది ఏడవడం మానేసింది. పోన్లే, దారిలో పడిందనుకున్నాను."

"నాతో చెప్పొచ్చు కదే! రెండు బస్‌స్టాపుల దూరంలో ఉన్నాను."

"ఏమని చెప్పను? నెలకోసారి నువ్వే వచ్చి, 'ఎంత బుద్ధిమంతురాలే నీ కూతురు' అనేదానివి. నువ్వే అలా అంటే అంతా బాగానే ఉంది కాబోలు, నాకే ఏదో పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి కాబోలు అనుకునేదాన్ని."

దారిలో కూర్చుకున్న మాటలన్నీ అద్దాలావిడకే తిరిగి తగిలాయి. నిజమే. నెలకోసారి వెళ్ళి, ఉతికిన గౌను వేసి కూర్చోబెట్టిన పిల్లని చూసి, బుగ్గ గిల్లి, బొమ్మ ఇచ్చి వచ్చేసేది. ఊళ్ళో ఎవరి పిల్లకి మెల్లకన్నున్నా దారిన పోతూ పట్టేసే మనిషి. సొంత చెల్లెలి కూతురు రెండున్నరేళ్ళు తన మొహంలోకి చూడలేదని కనిపెట్టలేకపోయింది.

ఇంటికొచ్చి, ఆయన చేత ఆ నోటుబుక్కు తెప్పించి చూసింది. ఆరింటికి పాలు. ఆరూ ఇరవైకి డైపర్. తొమ్మిదింటికి పాలు. రెండున్నరేళ్ళు, ఒక్క పూట తప్పకుండా. చివరి రోజొక్కటే ఖాళీ. ప్రేమ లేనివాళ్ళు ఇంత రాస్తారా? ప్రేమ ఉన్నవాళ్ళు ఇంతతో ఆగిపోతారా? చెల్లెల్ని తిట్టాలో, జాలిపడాలో, రెండూ తనకే చెందుతాయో ఆవిడకి తేలలేదు. ఆ పుస్తకాన్ని పారెయ్యలేదు, మళ్ళీ తెరవలేదు.

మందు మొదలైంది. అద్దాలావిడ షాపులో అద్దాలు తుడుస్తూ మాట్లాడేది, స్క్రూలు బిగిస్తూ మాట్లాడేది. "ఇదిగో గువ్వా, ఈ ఫ్రేముకి కాలు విరిగింది. పాపం కదూ?" గువ్వ గోడని చూసేది. గోడతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఎప్పుడన్నా దాని గొంతులోంచి ఒక చిన్న 'క్' మనే శబ్దం వస్తే, కంటి పరీక్షకి కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి వెళ్ళి, మొహం ముందు మొహం పెట్టి, "క్!" అనేది. కొంతమంది లేచి వెళ్ళిపోయారు. అద్దాలావిడకి మతి చలించిందని ఒకరిద్దరు అనుకున్నారు కూడా.

మెకానిక్ పద్ధతి వేరు. ఆయన పనినుంచి రాగానే గువ్వ చంకల కింద చేతులు వేసి, "కింద అంతస్తు... మొదటి అంతస్తు... రెండో అంతస్తు..." అంటూ మెల్లగా పైకెత్తేవాడు. మధ్యలో ఆపేసి, "కరెంటు పోయింది! పైకా, కిందకా?" అని అడిగేవాడు. జవాబు రాదు. తనే "పైకి!" అని చెప్పి ఎత్తేవాడు. రోజూ ఇదే. నాలుగు నెలలు.

నాలుగో నెల చివర్లో ఒక సాయంత్రం ఆయన మామూలుగా ఎత్తి, మధ్యలో ఆపి, "పైకా, కిందకా?" అన్నాడు. ఆ రోజు ఎక్కడో పెద్ద మోటారు మోసి ఉన్నాడు, చేతులు లాగుతున్నాయి. దించేద్దామనుకుంటున్నాడు.

"పై" అంది గువ్వ.

చేతులు లాగుతున్నా ఆయన దించలేదు. "ఏమన్నావు?"

"పై." ఈసారి ఆయన మొహంలోకి చూసింది.

అద్దాలావిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆనందం ముంచుకొచ్చింది. ఆ వెనకే, రాత్రీ పగలూ గొంతు చించుకున్నది నేను, మాట మాత్రం ఆయనకా అని ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషాన్ని చూసి తనకే నవ్వొచ్చింది. ఇవన్నీ ఒకేసారి రావడంతో గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. గువ్వ ఆ ఏడుపుని వింతగా చూసింది.

ఆ తర్వాత కథ సుఖంగా సాగిందనుకుంటే పొరపాటు. ఏడో నెల వచ్చేసరికి బుద్ధిమంతురాలు మాయమైంది. స్నానానికి తీసుకెళ్తే కేకలు. బట్టలు వేస్తే కేకలు. అరటిపండు ముక్క మధ్యకి విరిగిందని గంటసేపు నేల మీద దొర్లింది. ఒకరోజు అద్దాలావిడ బ్యాంకుకి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటుంటే, ఫ్రేములున్న ట్రే ఎత్తి నేలకేసి కొట్టింది. పిక్క పట్టుకుని కొరికింది. విచిత్రమేమిటంటే ఇదంతా పెద్దమ్మ దగ్గరే. షాపుకొచ్చిన వాళ్ళ దగ్గర చక్కగా నవ్వేది.

పక్కషాపు దర్జీ అంతా చూసి తల పంకించాడు. "వచ్చినప్పుడు మేలిమి బంగారం. నెత్తికెక్కించుకుని మీరే పాడుచేశారు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

ఆ సామెత ఆవిడని వదల్లేదు. నిజంగానే పాడుచేశానా? పిక్క మీది పళ్ళగాట్లు చూపిస్తూ డాక్టరుగారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డాక్టరు ఆ గాట్లు చూసి, సంతోషంగా నవ్వుతూ, "ఎప్పటినుంచి?" అని అడిగింది.

"మూడువారాల నుంచి. మీరేమిటండీ నవ్వుతారు?"

"మీరు బయటికెళ్తున్నారని కొరికిందా?"

"అవును."

"ముసలాయనతో వెళ్ళిపోయిన పిల్ల, మీరు వెళ్తుంటే కొరికింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. ఇన్నాళ్ళకి అడగడం మొదలుపెట్టిందమ్మా. ఎలా అడగాలో ఇంకా తెలీదు, అంతే. కొరకనివ్వకండి, చెయ్యి పట్టుకుని ఆపండి. కాని వదిలి వెళ్ళకండి."

మంచి చెడైంది, చెడు మంచైంది. ఆవిడ బస్సులో కూర్చుని, ఇంటికెళ్ళి ఆయనకి ఏమని చెప్పాలా అని ఆలోచించింది. చివరికి, "కొరుకుతోంది కాబట్టి బాగుపడుతోందట" అని చెప్పింది. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "అయితే నన్నెందుకు కొరకట్లేదు?" అన్నాడు బెంగగా.

చెల్లెలు రెండు నెలలకే ఆసుపత్రి నుంచి వచ్చేసింది. మందులు వేసుకుంటోంది. హెడ్‌ఫోన్ ఉద్యోగం మానేసి, ఉదయం పూట ఒక పుస్తకాల గోదాములో పార్సెళ్ళు కట్టే పనిలో చేరింది. వారానికి మూడుసార్లు వచ్చి గువ్వని దూరంనుంచి చూసి వెళ్ళేది. దగ్గరికి రావాలంటే భయం. తొమ్మిదో నెలలో ఒక ఆదివారం వచ్చి, కూర్చోకుండానే అంది.

"నేను తీసుకెళ్తానక్కా. నా కూతురు కదా."

అద్దాలావిడకి కోపం రావాల్సింది. రాలేదు. భయం వచ్చింది. "తీసుకెళ్ళి?"

"పెంచుకుంటాను. ఈసారి సరిగ్గా."

"అది ఇప్పుడిప్పుడే ఒక మనిషిని పట్టుకుంది. ఆ పట్టు విడిపిస్తే మళ్ళీ ఇంకొకరిని పట్టుకుంటుందని ఏం నమ్మకం?"

"అంటే ఇక నీ కూతురేనా?"

నా కూతురే అని మనసులో ఎవరో గట్టిగా అన్నారు. అది విని అద్దాలావిడే హడలిపోయింది. చెల్లెలి దగ్గర్నుంచి పిల్లని లాక్కుంటున్నానా, కాపాడుతున్నానా? గీత ఎక్కడుందో కనపడలేదు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చుంటే మెకానిక్ లేచి నిలబడ్డాడు.

"షాపు వెనకగది ఖాళీగా ఉంది. పాత ఫ్రేముల పెట్టెలు తీసేస్తే మంచం పడుతుంది. పిల్ల ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నువ్వే ఇక్కడికి రా. ఇందులో ఇంత ఆలోచించేదేముంది?"

అలా చెల్లెలు వచ్చి చేరింది. రోజూ పావుగంట గువ్వ పక్కన నేల మీద కూర్చోవాలి, గువ్వ ఏం చేస్తే దానికి బదులు పలకాలి, ఇంకేం చెయ్యక్కర్లేదు అని డాక్టరు చెప్పింది. చెల్లెలు గడియారం చూసుకుని కూర్చునేది. గువ్వ ఆమెని షాపుకొచ్చిన వాళ్ళని చూసినట్టే చూసేది. తియ్యగా నవ్వేది, బొమ్మ అందిస్తే పుచ్చుకునేది, లేచి వెళ్తుంటే పట్టించుకునేది కాదు. "నేనంటే ఇష్టంగానే ఉంది కదక్కా?" అని అడిగేది చెల్లెలు ఆశగా. "రేపు కూడా కూర్చో" అనేది అద్దాలావిడ. ఆ తియ్యటి నవ్వు అసలు సంగతేమిటో ఆవిడకి తెలుసు.

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు షాపులో ఒకామె కంటి ముందు లెన్సులు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అద్దాలావిడ అడుగుతుంటే, వెనకగది నుంచి పెద్ద కేక వినపడింది. తలుపు తెరుచుకుంది. చెల్లెలు మోచెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. జుట్టంతా రేగిపోయింది. మొహం ఏడుస్తోంది, నోరు నవ్వుతోంది.

"అక్కా! పనికి టైమైందని లేస్తుంటే నన్ను... చూడు, చూడు, కొరికింది!"

పరీక్షకి కూర్చున్నామె కంగారుపడి, "అయ్యో, మందు రాయండి" అంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడుస్తుంటే ఏం జరిగిందో అర్థంకాక, కళ్ళకి పరీక్ష ఫ్రేముతో అలాగే బిక్కమొహం వేసుకుని కూర్చుంది. ఆ రోజు చెల్లెలు పనికి గంట ఆలస్యంగా వెళ్ళింది.

ఇప్పుడు గువ్వకి అయిదేళ్ళు దాటాయి. మాటలు వచ్చాయి, కాని వాక్యం సగంలో దారి తప్పుతుంది. పదిమంది పిల్లల్లో పడితే చెవులు మూసుకుంటుంది. మూసిన తలుపు కనపడితే లేచి వెళ్ళి తెరిచి వస్తుంది. నిన్న నేర్పిన అంకెలు ఇవాళ ఉండవు, ఎల్లుండి అడక్కుండానే అప్పచెప్తుంది. ఇవన్నీ పోయేవా, ఉండేవా అని అద్దాలావిడ ఇంకా అడుగుతూనే ఉంటుంది. డాక్టరు ఇంకా అంకె చెప్పదు. గువ్వ కన్నతల్లినీ అమ్మా అంటుంది, అద్దాలావిడనీ అమ్మా అంటుంది. ఒక్కోసారి ఒకర్ని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. దాని గురించి ఇద్దరి మధ్యా రెండు మూడుసార్లు మాటామాటా వచ్చింది. తేలలేదు. అలాగే వదిలేశారు.

మొన్న పొద్దున్న చెల్లెలు స్నానాలగదిలోకి వెళ్ళేసరికి అద్దం నిండా టూత్‌పేస్టు పులిమి ఉంది. ట్యూబు మొత్తం ఖాళీ. గువ్వ పక్కనే నిలబడి ఉంది, ముక్కు మీద కూడా పేస్టు ఉంది.

"ఎవరు చేశారిది?" అంది చెల్లెలు.

గువ్వ ఆలోచించింది. అమ్మ మొహం చూసింది, అద్దం చూసింది, మళ్ళీ మొహం చూసింది.

"పెదనాన్న" అంది.

పెదనాన్న తెల్లవారకముందే ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని వెళ్ళిపోయాడు. చెల్లెలు బయటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అక్కా, అబద్ధం చెప్పింది."

"ఏమంది?"

"పెదనాన్న చేశాడంది. నా మొహం చూసి, నేను నమ్ముతానో లేదో లెక్కేసుకుని మరీ చెప్పిందక్కా. దీనికి కోప్పడాలా, ముద్దుపెట్టుకోవాలా?"

అద్దాలావిడ చేతిలో తాళాలున్నాయి, కింద షాపు తియ్యాలి. ఎదుటి మనిషి లోపల ఇంకో మనసు ఉందనీ, దానికి కొన్ని తెలియకుండా ఉంచొచ్చనీ ఆ పిల్ల కనిపెట్టేసింది. ఇది ఎంత గొప్ప సంగతి! ఇది ఎంత వెధవపని!

"నాకేం తెలుసే, నేనెప్పుడైనా అబద్ధాలాడే పిల్లల్ని పెంచానా? డాక్టరుగారిని అడుగుదామా?"

"ఇప్పుడా? పేస్టు ఎండిపోతోంది."

చెల్లెలు ఒక్కక్షణం తటపటాయించి, తడిగుడ్డ తీసుకుని లోపలికెళ్ళింది. "పెదనాన్న కాదు, నువ్వే. పట్టు, ఇద్దరం తుడుద్దాం" అన్న గొంతు వినపడింది. "కాదు! పెదనాన్నే!" అని గువ్వ అరిచింది. వాళ్ళు అలా వాదించుకుంటూ ఉండగా, కింద ఎవరో షట్టరు తడుతున్నారు. అద్దాలావిడ మెట్లు దిగింది.